కంప్యూటర్ మొరాయిస్తోందా? ముందు ఎస్‌ఎంపీఎస్‌ను అనుమానించండి

ఫార్మాట్ చేయించినా తీరని రీస్టార్ట్ బెడద
యూపీఎస్ ఉన్నా కరెంటు పోగానే ఆగిపోవడానికి అసలు కారణం వేరు

నరసరావుపేట: పని మధ్యలో తెర నల్లబడుతుంది. రెండు క్షణాల్లో కంప్యూటర్ తనంతట తానే మళ్లీ మొదలవుతుంది. అప్పటిదాకా టైపు చేసినదంతా పోతుంది. వైరస్ పట్టిందని భావించిన యజమాని ఫార్మాట్ చేయిస్తారు. నాలుగు రోజులు సవ్యంగా నడిచి, ఐదో రోజు మళ్లీ అదే వరస. ఈసారి ర్యామ్ మారుస్తారు. ఆ తర్వాత మదర్‌బోర్డు పోయిందన్న తీర్పు వెలువడుతుంది. ఇన్ని ఖర్చులూ అయ్యాక, క్యాబినెట్ వెనుక మూలన బిగించి ఉన్న రేకు డబ్బాను మార్చగానే జబ్బు నయమవుతుంది. ఆ డబ్బానే ఎస్‌ఎంపీఎస్ అంటారు. కంప్యూటర్‌లోని ప్రతి భాగానికీ విద్యుత్తును పంచే ఈ పెట్టెను అనుమానించవలసిన వరుసలో మొదట నిలపాల్సి ఉండగా, చాలాచోట్ల చివరన నిలుపుతున్నారు. ఇందువల్ల నష్టపోయేది మరమ్మతు సొమ్ము ఒక్కటే కాదు. విద్యుత్తు నిలకడ తప్పిన యంత్రంలో రాతపని మధ్యలో ఆగిన హార్డ్ డిస్క్ పాడైతే, డీటీపీ కేంద్రంలోని ఖాతాదారుల ఫైళ్లు, పాఠశాల కార్యాలయంలోని మార్కుల జాబితాలు, దుకాణంలోని ఏడాది లెక్కలు తిరిగి రావడం కష్టం.

అందువల్ల లక్షణం కనిపించిన తొలి రోజునే చేయవలసిన పని ఒకటి ఉంది. పరీక్షలన్నీ తర్వాత. కంప్యూటర్ ఇంకా నడుస్తున్నప్పుడే ముఖ్యమైన ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకో, వేరొక కంప్యూటర్‌లోకో ఎక్కించుకోవాలి. ఫార్మాట్ చేయించడం ఆఖరి మాట. విద్యుత్తు నిలకడగా లేని యంత్రంపై ఫార్మాట్ చేస్తే, ఆ పని సగంలో ఆగి, మొదటి జబ్బుకు రెండోది తోడవుతుంది.

డబ్బా లోపల జరిగేది ఏమిటి?

గోడ ప్లగ్గు నుంచి వచ్చేది 230 వోల్టుల ఏసీ విద్యుత్తు. కంప్యూటర్ లోపలి భాగాలకు కావలసింది 12, 5, 3.3 వోల్టుల డీసీ విద్యుత్తు. ఎస్‌ఎంపీఎస్ ముందుగా ఏసీని ఎక్కువ వోల్టుల డీసీగా మార్చి ఒక పెద్ద కెపాసిటర్‌లో నిల్వ చేస్తుంది. ఆ నిల్వను సెకనుకు వేల పర్యాయాలు తెంపుతూ, కలుపుతూ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపి, అవసరమైన తక్కువ వోల్టులకు దించుతుంది. బయటకు వచ్చే తీగల్లో పసుపుది 12 వోల్టులు, ఎరుపుది 5 వోల్టులు, నారింజది 3.3 వోల్టులు మోస్తాయి. నల్లనివన్నీ గ్రౌండ్ తీగలు.

మరో మూడు తీగల సంగతి తెలిస్తే సగం జబ్బులు అర్థమవుతాయి. ఊదారంగు తీగలో, కంప్యూటర్ ఆపి ఉన్నప్పటికీ, వెనుక స్విచ్ వేసి ఉన్నంతసేపూ 5 వోల్టులు ఉంటూనే ఉంటాయి. మదర్‌బోర్డుపై చిన్న దీపం వెలుగుతూ కనిపించేది దీనివల్లనే. ముందున్న బటన్ నొక్కగానే మదర్‌బోర్డు ఆకుపచ్చ తీగను గ్రౌండ్‌కు కలుపుతుంది. ‘ఇక మొదలుపెట్టు’ అన్న ఆజ్ఞ అది. వోల్టేజీలు కుదుటపడిన తర్వాత 100 నుంచి 500 మిల్లీసెకన్ల మధ్య ఎస్‌ఎంపీఎస్ బూడిదరంగు తీగ ద్వారా ‘అంతా సవ్యంగా ఉంది’ అన్న సంకేతం పంపుతుంది. ఆ సంకేతం అందే వరకు ప్రాసెసర్ కదలదు. నడుస్తుండగా సంకేతం తప్పితే యంత్రం ఉన్నచోటనే రీసెట్ అవుతుంది. కారణం తెలియని రీస్టార్ట్‌లలో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది. తెరపై ఎలాంటి హెచ్చరికా రాకపోవడానికీ ఇదే కారణం. హెచ్చరిక రాసేందుకు విండోస్‌కు వ్యవధి దొరకదు.

తర్వాత విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్ తెరిచి చూస్తే ‘కెర్నల్ పవర్ 41’ అన్న నమోదు కనిపిస్తుంది. దానిని చూపి ఎస్‌ఎంపీఎస్ పోయిందని కొందరు నిర్ధారిస్తుంటారు. అది సరికాదు. క్రితంసారి కంప్యూటర్ పద్ధతి ప్రకారం మూతపడలేదన్న సమాచారం మాత్రమే అందులో ఉంటుంది. ప్లగ్గు ఊడదీసినా అదే నమోదు పడుతుంది.

లక్షణాలను బట్టి..

ఎస్‌ఎంపీఎస్ ఒక్కసారిగా కాలిపోతే గుర్తించడం తేలిక. ఢామ్మన్న శబ్దం, కాలిన వాసన, ఆపై నిశ్శబ్దం. నెలల తరబడి కొద్దికొద్దిగా బలహీనపడేదానితోనే చిక్కంతా.

ఉదయం తొలిసారి బటన్ నొక్కితే కంప్యూటర్ లేవదు. మూడు, నాలుగుసార్లు నొక్కాక లేస్తుంది. ఒకసారి లేచిందంటే సాయంత్రం వరకు ఇబ్బంది ఉండదు. ఈ లక్షణాన్ని చాలామంది బటన్ లోపంగా భావిస్తారు. వయసు పైబడిన కెపాసిటర్లలోని ద్రవం తగ్గిపోయి, చల్లగా ఉన్నప్పుడు వాటి అంతర్గత నిరోధం బాగా పెరుగుతుంది. కాస్త వేడెక్కాక తగ్గుతుంది. అందుకే రాత్రంతా ఆగి ఉన్న యంత్రం తెల్లవారి మొండికేస్తుంది. చలికాలంలో ఈ ఫిర్యాదు ఎక్కువ.

ఇంకో రకం, బరువు పడినప్పుడే పడిపోవడం. ఉత్తరం టైపు చేసినంతసేపూ ఏమీ కాదు. పెద్ద ఫొటోను ఫొటోషాప్‌లో తెరిచినప్పుడు, వీడియో మార్చేటప్పుడు, పిల్లలు ఆటలు ఆడేటప్పుడు ఆగిపోతుంది. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ఒక్కసారిగా ఎక్కువ విద్యుత్తు లాగగా 12 వోల్టుల తీగలో వోల్టేజీ కుంగిపోవడం దీనికి కారణం కావచ్చు. హార్డ్ డిస్క్ మధ్యమధ్య టిక్కుమని ఆగి మళ్లీ తిరగడం మొదలుపెట్టినా ఇదే అనుమానం కలగాలి. డిస్క్‌ను తిప్పే మోటారుకు అందేది ఆ 12 వోల్టులే. డిస్క్ పోయిందని కొత్తది కొని బిగించినా, బలహీనమైన ఎస్‌ఎంపీఎస్ దాన్నీ ఇబ్బంది పెడుతుంది.

బటన్ నొక్కగానే ఫ్యాన్ ఒక్క క్షణం తిరిగి ఆగిపోవడం మరో లక్షణం. ఎక్కడో షార్ట్ ఉందని గ్రహించి ఎస్‌ఎంపీఎస్ తనను తాను మూసుకుందన్నమాట. ఆ షార్ట్ ఎస్‌ఎంపీఎస్‌లోనే ఉండవచ్చు, మదర్‌బోర్డులో ఉండవచ్చు, యూఎస్‌బీ రంధ్రంలో వంగిన రేకు కూడా అయి ఉండవచ్చు. ప్లగ్గు తీసి ఓ నిమిషం ఆగి, బయట తగిలించిన పరికరాలన్నీ విప్పి మళ్లీ ప్రయత్నించాలి. అయితే కచ్చితంగా నాలుగైదు సెకన్లు నడిచి ఆగిపోతుంటే కథ వేరు. ముందున్న బటన్‌ను నాలుగు సెకన్లపాటు అదిమి ఉంచితే కంప్యూటర్ ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. దుమ్ము పట్టి లోపలే ఇరుక్కున్న బటన్ అదే పని చేస్తుంది. బటన్‌ను గోటితో పైకి లాగి చూడటానికి రూపాయి ఖర్చు లేదు.

యూపీఎస్ ఉన్నా ఎందుకు ఆగుతుంది?

కరెంటు కోతలు అలవాటైన ప్రాంతంలో అందరికీ అర్థం కావలసిన సంగతి ఇది. యూపీఎస్‌లో బ్యాటరీ కొత్తది. కరెంటు పోయాక దాని మీద పావుగంట పని చేసుకోవచ్చు. అయినా కరెంటు పోయిన ఆ క్షణంలో మాత్రం కంప్యూటర్ రీస్టార్ట్ అవుతోంది. యజమాని యూపీఎస్‌ను దుకాణానికి తీసుకెళ్తారు. అక్కడ బల్బు తగిలించి చూపిస్తారు. చక్కగా వెలుగుతుంది. తప్పు ఎవరిదో తేలక ఇద్దరూ వాదులాడుకుంటారు.

మన ఇళ్లలో, దుకాణాల్లో వాడే మామూలు యూపీఎస్‌లు కరెంటు పోయిన వెంటనే బ్యాటరీ వైపు మళ్లేందుకు కొద్ది వ్యవధి తీసుకుంటాయి. సాధారణంగా అది 10 మిల్లీసెకన్ల లోపే. ఆ కాస్త ఖాళీలో కంప్యూటర్‌ను నడిపించేది ఎస్‌ఎంపీఎస్‌లోని పెద్ద కెపాసిటర్‌లో ఉన్న నిల్వ. నిబంధనల ప్రకారం తయారైన ఎస్‌ఎంపీఎస్ సాధారణంగా సుమారు 16, 17 మిల్లీసెకన్లు నెట్టుకురావాలి. మన కరెంటు ఒక ఆవృత్తి పూర్తి చేసుకోవడానికి పట్టే కాలం 20 మిల్లీసెకన్లు. అంటే దాదాపు ఒక ఆవృత్తి కాలం ఊపిరి బిగపట్టగలిగి ఉండాలన్నమాట. కెపాసిటర్ ముదిరేకొద్దీ దానిలో పట్టే నిల్వ తగ్గుతుంది. ఒకనాడు 17 మిల్లీసెకన్లు ఆగగలిగిన ఎస్‌ఎంపీఎస్ ఎనిమిదికి, ఆరుకు దిగజారుతుంది. యూపీఎస్ ఎప్పటిలాగే పని చేస్తున్నా, అది మళ్లేలోపు కంప్యూటర్ కూలిపోతుంది.

లో వోల్టేజీ దీనికి తోడైతే ముప్పు మరింత. కెపాసిటర్‌లో నిల్వ ఉండే శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. గోడ వద్ద 230 వోల్టులు ఉండవలసినచోట 180 మాత్రమే ఉంటే, మామూలు రకం ఎస్‌ఎంపీఎస్‌లో నిల్వ దాదాపు 40 శాతం తగ్గిపోతుంది. సాయంత్రం మోటార్లు, కూలర్లు అన్నీ నడుస్తున్న వేళ ఆగిపోయే కంప్యూటర్, అర్ధరాత్రి కరెంటు పోయినప్పుడు నిలబడటంలోని మర్మం ఇదే.

తేల్చుకోవడానికి ఇచ్చిపుచ్చుకునే పద్ధతిని మించినది లేదు. ఇదే యూపీఎస్‌కు పొరుగువారి కంప్యూటర్ తగిలించి మెయిన్ స్విచ్ ఆపి చూడాలి. ఆపై ఈ కంప్యూటర్‌ను పొరుగువారి యూపీఎస్‌పై పెట్టి చూడాలి. రెండు యూపీఎస్‌ల మీదా ఇదే కంప్యూటర్ పడిపోతే ఎస్‌ఎంపీఎస్ దోషం. ఈ యూపీఎస్‌పై రెండు కంప్యూటర్లూ పడిపోతే యూపీఎస్ దోషం. బల్బుతో పరీక్షిస్తే తేలకపోవడానికి కారణం స్పష్టమే. కొన్ని మిల్లీసెకన్ల ఖాళీని బల్బు లెక్కచేయదు, మన కన్ను పట్టుకోదు. పరీక్షకు ముందు ఫైళ్లన్నీ మూసివేయడం మరవరాదు.

ఇంటి ఇన్వర్టర్‌పైనే కంప్యూటర్ నడిపేవారు మరొకటి చూసుకోవాలి. చాలా ఇన్వర్టర్ల వెనుక యూపీఎస్, ఈకో అని రెండు స్థానాలున్న మీట ఉంటుంది. పేరు కొన్నింటిలో మారవచ్చు. ఈకో స్థానంలో ఉంటే బ్యాటరీ వైపు మళ్లడానికి ఎక్కువ వ్యవధి పడుతుంది. ఫ్యాన్లకు అది సరిపోతుంది, కంప్యూటర్‌కు సరిపోదు. అలాగే ‘యాక్టివ్ పీఎఫ్‌సీ’ అని రాసి ఉన్న కొత్తరకం ఎస్‌ఎంపీఎస్‌లలో కొన్ని, చతురస్రపు తరంగం ఇచ్చే చౌక ఇన్వర్టర్లు, యూపీఎస్‌లతో పొసగక ఆగిపోతుంటాయి. అక్కడ రెండూ మంచివే. జత కుదరలేదంతే.

పరీక్ష గోడ వద్ద మొదలు కావాలి

క్యాబినెట్ విప్పడానికి ముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. స్పైక్ బస్టర్‌ను పక్కనపెట్టి కంప్యూటర్‌ను నేరుగా గోడ ప్లగ్గుకు తగిలించాలి. స్పైక్ బస్టర్‌లో రేకులు వదులైతే, టేబుల్ కదిలినప్పుడల్లా కంప్యూటర్ ఆగుతుంది. పవర్ కార్డును మానిటర్ కార్డుతో మార్చి చూడాలి. చాలా మానిటర్లకు అదే రకం కార్డు వస్తుంది. ఎస్‌ఎంపీఎస్ వెనుక స్విచ్ సున్నా వైపు ఉందేమో గమనించాలి. పాత ఎస్‌ఎంపీఎస్‌లపై 115, 230 అని రాసిన చిన్న ఎర్ర మీట కూడా ఉంటుంది. అది మన దేశంలో ఎప్పుడూ 230 వద్దనే ఉండాలి. పిల్లలు ఆడుకుంటూ దానిని 115కు జరిపితే స్విచ్ వేసిన మరుక్షణం డబ్బా పేలుతుంది.

క్యాబినెట్‌ను తాకితే చురుక్కుమంటోందన్న ఫిర్యాదు జిల్లాలో వింతేమీ కాదు. చెప్పులు వేసుకుని కూర్చోవడమే దానికి పరిష్కారంగా చాలాచోట్ల చలామణి అవుతోంది. నిజానికి ఎస్‌ఎంపీఎస్ చెడిపోకపోయినా ఇలా జరుగుతుంది. విద్యుత్తులోని రొదను వడగట్టేందుకు డబ్బా ముఖద్వారం వద్ద రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఒకటి ఫేజ్ నుంచి, మరొకటి న్యూట్రల్ నుంచి రేకు పెట్టెకు కలిసి ఉంటాయి. రేకు పెట్టెకు ఎర్త్ ఉంటే ఆ స్వల్ప విద్యుత్తు నేలలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే పెట్టె మీద సరఫరాలో సగం, అంటే 115 వోల్టుల వరకు నిలుస్తుంది. ప్రవాహం అతి స్వల్పం కాబట్టి చురుక్కుమని వదిలేస్తుంది. టెస్టర్ పెడితే దీపం వెలుగుతుంది. దీనిని చూసి ఎస్‌ఎంపీఎస్ మార్చినా, కొత్తదీ చురుక్కుమంటుంది.

మూడో పిన్ను కోసేసిన ప్లగ్గులు, రెండు పిన్నుల అడాప్టర్లు, ఎర్త్ తీగ అసలే లాగని పాత ఇళ్లు ఇందుకు కారణం. ఎర్త్ లేని స్థితి కేవలం చిరాకు కాదు. రేపు డబ్బాలో నిజంగానే ఫేజ్ తీగ రేకును తాకితే, అడ్డుకునేది ఏదీ ఉండదు. అప్పుడు తగిలేది చురుకు కాదు, ప్రాణాంతకమైన షాక్. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఫేజ్‌కు, ఎర్త్‌కు మధ్య వోల్టేజీ కొలిపించాలి. అది ఫేజ్, న్యూట్రల్ మధ్య ఉన్నంతే దాదాపుగా ఉండాలి. న్యూట్రల్, ఎర్త్ మధ్య కొద్ది వోల్టులకు మించరాదు. ఎర్త్ గుంత ఉన్నవారు ఎండాకాలంలో అందులో నీళ్లు పోస్తుండాలి. నేల పూర్తిగా ఎండిపోతే ఉన్న ఎర్త్ కూడా లేనట్టే.

నేరం మోపే ముందు

ఆగిపోయిన ప్రతి కంప్యూటర్‌కూ ఎస్‌ఎంపీఎస్ కారణం కాదు. ప్రాసెసర్‌పై ఉన్న ఫ్యాన్ దుమ్ముతో కప్పుకుపోతే వేడి భరించలేక యంత్రం ఆగుతుంది. అలాంటిది పావుగంట, అరగంట నడిచాక ఆగుతుంది. వెంటనే వేస్తే ఇంకా త్వరగా ఆగుతుంది. చల్లారనిస్తే మళ్లీ మొదటి వ్యవధి వరకు నడుస్తుంది. ఈ క్రమం కనిపిస్తే ముందు దుమ్ము దులపాలి. నీలిరంగు తెరపై తెల్ల అక్షరాలతో లోపం పేరు వస్తుంటే ర్యామ్, డ్రైవర్ల వైపు చూడటం మంచిది. విద్యుత్తు లోపం సాధారణంగా అంత మర్యాదగా చెప్పి పోదు. గడియారం, తేదీ వెనక్కి పోతున్నాయంటే మదర్‌బోర్డుపై బిళ్ల ఆకారంలో ఉన్న 3 వోల్టుల సెల్ అయిపోయిందని అర్థం. దానికోసం ఎస్‌ఎంపీఎస్ కొనడం దండగ.

మల్టీమీటర్‌తో కొలత

ఎలక్ట్రికల్ దుకాణాల్లో దొరికే మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఈ పరీక్షకు చాలు. కంప్యూటర్ నడుస్తుండగా కొలవడమే ఉత్తమం. ముందుగా కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి, క్యాబినెట్ పక్క పలక విప్పాలి. వాడకుండా వేలాడుతున్న నాలుగు పిన్నుల ప్లగ్గును వెతికి, తీగలు ఫ్యాన్‌కు తగలకుండా పక్కకు ఉంచి, అప్పుడు తిరిగి నడపాలి. మీటర్‌ను 20 వోల్టుల డీసీ వద్ద ఉంచి, నల్ల మొనను నల్ల తీగ పిన్నుకు, ఎర్ర మొనను పసుపు తీగ పిన్నుకు తాకించాలి. ఒక మొన రెండు పిన్నులకు ఒకేసారి తగలకుండా జాగ్రత్తపడాలి. రీడింగ్ 11.40 నుంచి 12.60 మధ్య ఉంటే సరైనది. ఎరుపు తీగ వద్ద 4.75 నుంచి 5.25 వరకు ఉండవచ్చు. నారింజ తీగకు పరిమితి 3.14 నుంచి 3.47. ఈ అంకెలన్నీ ఐదు శాతం అటూఇటూ అన్న ఒకే సూత్రం నుంచి వచ్చినవి.

ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, బరువైన పని పెట్టి మరోసారి చూడాలి. 12.1 ఉన్నది పని పెట్టగానే 11.3కు పడితే, ఆ ఎస్‌ఎంపీఎస్‌ను నమ్మనక్కరలేదు. బయోస్ తెరపైనా ఈ వోల్టేజీలు కనిపిస్తాయి గానీ, ఆ అంకెలు కొన్ని బోర్డుల్లో కచ్చితంగా ఉండవు. మీటర్ మాటే చెల్లుబాటు.

అసలే లేవని కంప్యూటర్‌కు మెకానిక్‌లు చేసే పరీక్ష మరొకటి ఉంది. ప్లగ్గు తీసి, మదర్‌బోర్డుకు, ఇతర భాగాలకు ఉన్న కనెక్టర్లన్నీ విప్పి, 24 పిన్నుల పెద్ద కనెక్టర్‌లో ఆకుపచ్చ తీగ ఉన్న రంధ్రాన్ని పక్కనున్న నల్ల తీగ రంధ్రంతో చిన్న తీగముక్కతో కలుపుతారు. ఆపై ప్లగ్గు పెట్టి స్విచ్ వేస్తే ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే దాదాపుగా పోయినట్టే. ఖరీదైన కొన్ని రకాల్లో మాత్రం బరువు లేనప్పుడు ఫ్యాన్ కావాలనే ఆగి ఉంటుంది కనుక మీటర్ పెట్టి చూడాలి. ఇక్కడే పెద్ద పొరపాటు అభిప్రాయం ఒకటి వ్యాపించి ఉంది. ఫ్యాన్ తిరిగింది కాబట్టి ఎస్‌ఎంపీఎస్ బాగుందని తేల్చేస్తారు. ఫ్యాన్‌కు కావలసిన విద్యుత్తు స్వల్పం. బరువు మోయలేని ఎడ్లు కూడా ఖాళీ బండిని లాగుతాయి. ఫ్యాన్ తిరగకపోవడం సాక్ష్యమే గానీ, తిరగడం సాక్ష్యం కాదు. తీగలన్నీ నల్లరంగులోనే ఉన్న కొత్త మోడళ్లలో ఈ పరీక్షను సొంతంగా చేయకపోవడమే మేలు.

అన్నింటికంటే నమ్మకమైన నిర్ధారణ, బాగున్నదని తెలిసిన మరో ఎస్‌ఎంపీఎస్‌ను ఓ రెండు రోజులు బిగించి వాడి చూడటం. మంచి మెకానిక్ వద్ద ఇలా ఇవ్వడానికి ఒకటి సిద్ధంగా ఉంటుంది. మదర్‌బోర్డు మార్చాలని చెప్పేవారిని, ముందు ఎస్‌ఎంపీఎస్ మార్చి చూశారా అని అడగడం వినియోగదారు హక్కు. కంపెనీ పేరుతో వచ్చే కొన్ని డెస్క్‌టాప్‌లలో మాత్రం కనెక్టర్ల అమరిక వేరుగా ఉంటుంది. వాటికి బజారు ఎస్‌ఎంపీఎస్ సరిపడదు. తీగలు విడదీయగల రకాల్లోనూ ఒక కంపెనీ తీగను మరో కంపెనీ డబ్బాకు తగిలించరాదు. ప్లగ్గు పట్టినా లోపల వోల్టేజీల వరస మారి బోర్డు, డిస్క్ కాలిపోయే ప్రమాదం ఉంది.

డబ్బా విప్పవద్దు

క్యాబినెట్ విప్పడం వేరు, ఎస్‌ఎంపీఎస్ డబ్బా విప్పడం వేరు. లోపలి పెద్ద కెపాసిటర్‌లో సుమారు 325 వోల్టుల డీసీ నిల్వ ఉంటుంది. యాక్టివ్ పీఎఫ్‌సీ రకంలో అది 400 వరకు చేరుతుంది. ప్లగ్గు తీసినంత మాత్రాన ఆ నిల్వ పోదు. దానిని మెల్లగా ఖాళీ చేసే ఏర్పాటు లోపల ఉన్నా, చెడిపోయిన డబ్బాలో ఆ ఏర్పాటూ చెడిపోయి ఉండవచ్చు. ఫ్యూజు మాత్రమే మార్చుకుందామని విప్పేవారు గ్రహించవలసింది ఇంకొకటి ఉంది. ఎస్‌ఎంపీఎస్‌లో ఫ్యూజు ఊరకే పోదు. లోపల ఏదో షార్ట్ అయ్యాకే పోతుంది. కొత్త ఫ్యూజు వేస్తే అదీ పోతుంది.

కెపాసిటర్లు మార్చి బాగు చేసే నేర్పరులు జిల్లాలో ఉన్నారు. వారి పనితనాన్ని తక్కువ చేయడం కాదు గానీ, ముఖ్యమైన లెక్కలున్న కంప్యూటర్‌కు మరమ్మతు చేసిన ఎస్‌ఎంపీఎస్ బిగించడం సమంజసం అనిపించదు. ఉబ్బిన కెపాసిటర్‌ను మార్చినా, దానితోపాటు అంతే కాలం వేడి తిన్న మిగతా భాగాలు అలాగే ఉంటాయి.

ఎండ, సున్నపు ధూళి

పల్నాడు ఎండల గురించి వేరే చెప్పనక్కరలేదు. రెంటచింతల పేరు వేసవి వార్తల్లో ఏటా వినిపించేదే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెతలో కెపాసిటర్లను కూడా చేర్చుకోవచ్చు. వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా కెపాసిటర్ ఆయుష్షు సుమారుగా సగానికి తగ్గుతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో అందరూ వాడే లెక్క. ఒక కెపాసిటర్‌పై 85 డిగ్రీల వద్ద 2000 గంటలని ఉందనుకుందాం. డబ్బా లోపల 65 డిగ్రీలుంటే అది 8 వేల గంటలు వస్తుంది. రోజుకు 8 గంటల చొప్పున ఏడాదికి 300 రోజులు నడిచే దుకాణంలో అది మూడేళ్ల నాలుగు నెలలకు సమానం. దుమ్ము పట్టి లోపలి వేడి 75కు చేరితే ఏడాదిన్నర దాటగానే గడువు తీరుతుంది. అదే 105 డిగ్రీల రకం వాడి ఉంటే 75 డిగ్రీల వద్ద కూడా 16 వేల గంటలు, అంటే ఆరేళ్లకు పైగా వస్తుంది. చౌక డబ్బాకూ, మంచి డబ్బాకూ ధరలో తేడా చాలావరకు ఇలాంటి చోటనే ఉంటుంది.

పిడుగురాళ్ల వంటి సున్నపు బట్టీల పట్టణాల్లో, రోడ్డు పక్క దుకాణాల్లో నెలకోసారైనా డబ్బా వెనుక జాలీని శుభ్రం చేయాలి. ప్లగ్గు తీసి, ఆరుబయట, బ్లోయర్‌తో ఊదాలి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను పుల్లతో ఆపి పట్టుకోవాలి. లేకుంటే అతివేగంగా తిరిగి బేరింగు దెబ్బతింటుంది. తడిగుడ్డ పనికిరాదు. క్యాబినెట్‌ను గోడకు ఆనించి, పైన గుడ్డ కప్పి నడిపే అలవాటు మానుకోవాలి.

కొనేటప్పుడు పెట్టెపై పెద్ద అక్షరాలతో ఉన్న వాట్లను చూసి మోసపోరాదు. డబ్బాకు అంటించిన కాగితంపై 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చూసి, దానిని 12తో గుణించాలి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు విద్యుత్తు లాగేది ప్రధానంగా దీని నుంచే. పైన 450 వాట్లని ఉండి, ఆ గడిలో 14 ఆంపియర్లే ఉంటే అసలు అక్కరకు వచ్చేది 168 వాట్లు. గ్రాఫిక్స్ కార్డు లేని కార్యాలయ కంప్యూటర్‌కు అదీ సరిపోవచ్చు. విడిగా ఎనిమిది పిన్నుల తీగ తగిలించే గ్రాఫిక్స్ కార్డుకు ఎంతమాత్రం చాలదు. ఆ ఒక్క తీగ ద్వారానే 150 వాట్ల వరకు తీసుకునే వీలుంది. 2004లో మొదలైన ‘80 ప్లస్’ గుర్తు ఉన్నవి విద్యుత్తును తక్కువ వృథా చేస్తాయి, తక్కువ వేడెక్కుతాయి. మన ఎండల్లో రెండో గుణమే ఎక్కువ విలువైనది. కాగితంపై ఏ వివరాలూ లేనిదాన్ని, చేత్తో పట్టుకుంటే అట్టపెట్టెలా తేలిగ్గా ఉన్నదాన్ని తిరిగి దుకాణదారుకే ఇచ్చేయడం మంచిది. కొత్తది బిగించిన రోజున తేదీని డబ్బాపై మార్కర్‌తో రాయించి, వారంటీ బిల్లును క్యాబినెట్ లోపలే ఓ కవరులో అంటించుకుంటే, మూడేళ్ల తర్వాత వచ్చే మెకానిక్‌కు సగం పని తగ్గుతుంది.